ధూల్‌పేటలో చేయించిన కిటికీ

పాతబస్తీకి వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి అందరూ చార్మినారు ఎక్కావా, గాజులు కొన్నావా అనే అడుగుతున్నారు. ఎక్కలేదు, కొనలేదు. చార్మినారును ఆటో పక్క అద్దంలో చూశాను, అదీ సగమే. నేను వెళ్ళింది ఒక స్వరూపం చేయించుకు రావడానికి. స్వరూపమంటే మా కతోలికుల ఇళ్ళలో పెట్టుకునే పునీతుల బొమ్మ. నాకు కావలసిన ఆవిడ బొమ్మ మాత్రం మా గుంటూరు దుకాణాల్లో ఎక్కడా దొరకదు. ఆవిడ అసలు పేరే ఎవరికీ తెలియదు మరి.

ఆరువందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో ఒక గుడి గోడకు ఆనించి కట్టిన చిన్న గదిలోకి ఆవిడ తనంతట తానే వెళ్ళిపోయింది. అలా వెళ్ళేవాళ్ళకు అప్పట్లో చనిపోయినవాళ్ళ ప్రార్థనలు చదివి తలుపు మూసేసేవారట. ఇక బతికినంత కాలం ఆ గదే. అంతకు ముందు ముప్పై ఏళ్ళ వయసులో జబ్బుచేసి చావు దాకా వెళ్ళి వచ్చింది. ఆ జబ్బులో దర్శనాలు కలిగాయి. ఒకదానిలో తన అరచేతిలో చిన్న కాయంత వస్తువు కనిపించిందట, సృష్టి మొత్తం అదేనట. చూసినవాటిని ఏళ్ళ తరబడి నెమరేసుకుంటూ పుస్తకం రాసింది. దేవుణ్ణి తండ్రీ అని పిలిచిన నోటితోనే తల్లీ అని కూడా పిలిచింది. గదికి మూడు కిటికీలు. ఒకటి గుడి లోపలికి, ఒకటి అన్నం నీళ్ళు అందించే మనిషికి, మూడోది వీధి వైపు. కష్టాలున్నవాళ్ళు ఆ మూడో కిటికీ దగ్గరికి వచ్చి చెప్పుకునేవాళ్ళు. ఆవిడ తెర వెనక కూర్చుని వినేది.

ఈ కథంతా నేను మా చెల్లెలు తెరేజకు చెప్పాను. తెరేజ భర్త పోయి ఏడాదిన్నర. అప్పట్నుంచీ తను గది గడప దాటి రావడం లేదు. గుడికి రాదు, పెళ్ళికి రాదు, కూరగాయల బండి దగ్గరికి కూడా రాదు. మా వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరింట్లో గొడవైనా ముందు తెరేజ దగ్గరికే పరుగెత్తేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళు వాకిట్లో కాసేపు నిలబడి వెళ్ళిపోతున్నారు. నేను బతిమాలాను, తిట్టాను, ఫాదర్‌గారి చేత చెప్పించాను. చివరికి ఈ కథ చెప్తే "ఆవిడా లోపలే ఉంది కదక్కా" అంది. కథలో తనకు పనికొచ్చే సగం తీసుకుని మిగతా సగం నా మొహాన కొట్టింది. పైగా "ఆవిడ స్వరూపం ఒకటి తెచ్చిపెట్టు, గదిలో తోడుంటుంది" అంది.

అడగక అడగక అడిగింది. సరే తెస్తాను, కానీ కిటికీతో సహా తెస్తాను అనుకున్నాను. ఒక గోడ, గోడకు కిటికీ, కిటికీలోంచి వీధిలోకి చూస్తున్న ఆడమనిషి. అది రోజూ కళ్ళెదురుగా ఉంటే లోపలున్నావిడ కూడా బయటికి చూసేదన్న సంగతి ఏదో ఒకరోజు తెరేజ బుర్రకెక్కకపోదు. ఇదీ నా ఎత్తు.

జహనుమా

జహనుమాలో బాలమణి ఇంట్లో దిగాను. వాళ్ళది పాల వ్యాపారం. బాలమణి కూతురు మా ఊళ్ళో నర్సింగు చదివినన్నాళ్ళూ మా మేడ మీదే అద్దెకుంది, ఆ చుట్టరికం. సన్నటి గల్లీ. సాయంత్రం బర్రెలు మోటారు సైకిళ్ళ మధ్య నుంచి తమ మానాన తాము ఇంటికి నడిచొస్తుంటాయి. హారన్ కొట్టినా తల తిప్పవు. మా ఊళ్ళో గేదె రోడ్డెక్కితే వెనక కర్ర పట్టుకుని ఒక మనిషి ఉంటాడు. ఇక్కడ వాటి దారి వాటికి తెలుసు. ఇంతలో ఒక మసీదులో నమాజు పిలుపు మొదలై, అది ఆగుతుందనగా ఇంకోటి అందుకుని, ఆ వెనక దూరంగా మరోటి. ఆ గొంతుల కింద వాకిట్లో మంచమేసుకుని కూర్చుంటే నేను ఏ కాలంలో ఉన్నానో నాకే అంతుబట్టలేదు. ఎదురింటి చెక్క జాలీ కిటికీ వెనక ఎవరో కదిలారు. తెల్లటి ముసుగు. ఇంగ్లండు ఆవిడే అనుకున్నాను ఒక్క క్షణం. తర్వాత ఆ ముసుగు కిటికీలోంచి చెయ్యి చాపి తడి తువ్వాలు దులిపింది.

బాలమణి చిక్కటి టీ, వేడి సర్వపిండి తెచ్చిపెట్టి నా పక్కన కూర్చుంది. పెనానికి అతుక్కుని మాడిన అంచు ఎక్కడుందో చూసి మరీ తినాలట. చెబుతూనే ఆ అంచు తను తినేసి నాకు సగం మాత్రం మిగిల్చింది. నేను చేయిస్తున్న బొమ్మ కథ మొత్తం విని బుగ్గన వేలేసుకుంది.

"గదిలవడి తలుపు మూసుకునుడేందక్కా? బర్రె సుత పొద్దుందాక బయట తిరిగొస్తెనే పాలిస్తది. గామె లోపట ఏం జేస్తుండె?"

"ప్రార్థన చేసేది, రాసేది. వచ్చినవాళ్ళ బాధలు వినేది."

"వినుడైతే మంచిదే. మా ఆడిబిడ్డ సుత మస్తు వింటది. విన్నదంత మల్ల ఊరికి జెప్తది."

నవ్వుతూనే ఇంకో ముక్క నా పళ్ళెంలో వేసింది. తర్వాత గొంతు తగ్గించి "తెరేజ తింటుందా మంచిగ?" అని అడిగింది. తింటుంది అన్నాను. తినడం ఒక్కటే చేస్తోంది అనలేకపోయాను.

ధూల్‌పేట్

మర్నాడు పొద్దున్నే ధూల్‌పేట్ వెళ్ళాను. చవితి అయిపోయి నెల దాటింది. పండగ ముందు ఇక్కడ కాలు పెట్టే చోటుండదట. ఇప్పుడు ఖాళీగా, తెల్లగా ఉంది వీధి. గుమ్మాలు తెలుపు, అరుగులు తెలుపు, పడుకున్న కుక్క తెలుపు. ప్లాస్టరు పొడి గాలిలో తేలుతూ ఎండను కూడా పల్చన చేసింది. అమ్ముడుపోని వినాయకులు కొందరు పరదాల కింద నుంచి పాదాలు బయటపెట్టి కూర్చున్నారు. నిద్రలో నడుస్తున్నట్టు నడిచాను. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

కిషన్ అన్న వాళ్ళది మూడు తరాలుగా బొమ్మలు చేసే ఇల్లు. ఇంట్లో హిందీ మాట్లాడుకుంటారు, మనతో తెలుగు. భార్య గంగాబాయి కొబ్బరి పీచును ప్లాస్టరులో ముంచి అచ్చు లోపల పరుస్తోంది. నేను గీసిన బొమ్మ బాలమణి ఫోనులోంచి వాళ్ళకు పదిహేను రోజుల ముందే చేరింది. బొమ్మ పోతపోయడం అయిందన్నాడు కానీ చూపించలేదు. మూల మీద తడి గోనెపట్టా కప్పి ఉంది.

"కండ్లు పెట్టే రోజుదాక కొనెటోళ్ళకు చూపియ్యం అక్కా. మా ఇంట్ల రివాజు. సగంల చూస్తే సగమే మనసుల ఉండిపోతది. బేరం సుత గిప్పుడే ఆడుకోండ్రి, కండ్లు పెట్టినంక బేరం లేదు."

బేరమాడాను. మా గుంటూరు మిర్చి యార్డు పద్ధతిలో సగానికి అడిగాను. ఆయన నవ్వి కొంచెం తగ్గించాడు. ఇద్దరికీ తృప్తిగానే ఉంది. చెయ్యి మాత్రం విడిగా పోసి ఆరబెట్టారు, దాన్ని చూడొచ్చన్నాడు. చూశాను. సన్నటి వేళ్ళు, చక్కటి అరచెయ్యి. అరచేతిలో ఇంత లావున ఒక లడ్డు.

"ఇదేంటి?" అన్నాను.

"చేతిల గుండ్రంగ గీసిన్రు గదా. లడ్డే గదా?"

లడ్డు కాదు, చిన్న కాయ, దానిలోనే లోకమంతా ఆవిడకు కనిపించింది అని చెప్పాను. కిషన్ అన్న కాయ సైజు వేలి కొసతో చూపించి "గింతనే? బటానీ అంత?" అని రెండుసార్లు అడిగాడు. గంగాబాయి పని ఆపి ఇటు తిరిగింది.

"దునియా గింతనే ఉంటే మా గల్లీ ఏడుందమ్మా దాంట్ల?"

ముగ్గురం నవ్వాం. ఆయన లడ్డును సుత్తితో ఒక్క దెబ్బకు రాలగొట్టి, చిటికెడు ప్లాస్టరు ఉండ చేసి అతికించాడు. కిటికీ కూడా ఇట్లాగే ఏదన్నా చేశారా అని అనుమానమొచ్చి అడిగాను. "కిటికీ అవ్వల్ వచ్చింది, ఫికర్ చెయ్యకుండ్రి. ఎల్లుండి రాండ్రి" అన్నాడు. రంగు ఆరడానికి ఒకరోజు కావాలట.

బహదూర్‌పురా

ఆ మధ్య రోజు నాకు పనిలేదు. పొద్దున్నే వేడి ఖిచిడీ, దాని మీద ఖట్టా అనే నువ్వుల పులుసు పోసుకుని తిన్నాను. మా వైపు పొద్దుటి అన్నమంటే చద్దన్నమే, అందులో ఉల్లిపాయ. పొగలు కక్కే అన్నం ఆ వేళకు తినేసరికి ఒళ్ళు తేలిపోయింది. బహదూర్‌పురా గల్లీల్లో ఎటు పడితే అటు నడిచాను. జూ గోడ అవతల ఎక్కడో సింహం ఒక్కసారి అరిచింది. అరటిపళ్ళ బండి అతను త్రాసు వైపు చూస్తూనే ఉన్నాడు. ప్రతి ఇంటికీ కిటికీ, ప్రతి కిటికీకీ తెర. నేను చూస్తున్నవి ఇళ్ళా, ఇంగ్లండు ఆవిడ గదులా అనిపించింది. ఒక్కత్తే లోపలికి వెళ్ళిందనుకున్నాం గానీ ఊరంతా వెళ్ళిందేమో.

ఒక కిటికీ దగ్గర ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. కిటికీకి ఆకుపచ్చ తెర. తెర కింద నుంచి ఒక చెయ్యి వచ్చి పాల పాకెట్టు ఇచ్చింది, చిల్లర తీసుకుంది, మళ్ళీ వచ్చి మామిడి పచ్చడి డబ్బా ఇచ్చింది. ఇంట్లోనే పెట్టుకున్న కొట్టు. ఒకామె కొన్నాక కూడా కదలకుండా తెరకు మొహం ఆనించి చాలాసేపు ఏదో చెప్పుకుంది. లోపలి నుంచి "హూ... హూ..." అని మాత్రం వినిపించింది. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. పుస్తకాల్లో చదివింది పచ్చడి వాసనతో కళ్ళ ముందుకొచ్చేసింది.

నా వంతు వచ్చింది. "క్యా హోనా?" అంది గొంతు. దాహంగా ఉందన్నాను తెలుగులో. స్టీలు గ్లాసుతో నీళ్ళు వచ్చాయి. "ఏ ఊరమ్మా?" అని తెలుగులోనే అడిగింది. ఆమె పేరు ఖైరున్నీసా. ఆపా అని, అంటే అక్కా అని పిలిచాను. మనిషిని చూడకుండా మాట్లాడటంలో ఏదో సౌకర్యముంది, లేకపోతే ముక్కూ మొహం తెలియని మనిషికి తెరేజ సంగతంతా ఎందుకు చెబుతాను? చెప్పేశాను. మధ్యలో నాకు ఏడుపొచ్చింది. తెర వెనక నుంచి ఇంకో గ్లాసు నీళ్ళు వచ్చాయి.

"మా ఆయన పోయినప్పుడు నేను సుత బయటకి రాలేదమ్మా. మాకు ఇద్దత్ ఉంటది. నాలుగు నెలల పైన గడప దాటొద్దు. ఏడ్సుకో, నమాజు చేసుకో, ఎవ్వరు ఏమనరు. మరి గా గడువు అయిపోయినంక దాటాలె. లోపటుండుడెట్లనో దాటుడు సుత గట్లనే, రివాజు."

"దాటిన రోజు ఎలా ఉంది ఆపా?"

"ఏముంది, చెప్పులు దొర్కలే." తెర కొంచెం కదిలింది, నవ్విందనుకుంటా. "నా చెప్పులు ఎవరో ఎక్కడనో పెట్టిన్రు. ఇల్లంత ఎతికిన. కోడలి చెప్పులేసుకొని పోయిన, కాలంత బొబ్బలు. గా బొబ్బలే యాదికున్నయ్."

మా వైపు దుఃఖానికి గడువు పెట్టేవాళ్ళు లేరు. నలభయ్యో రోజు పూజ పెట్టించి, భోజనాలు పెట్టి, ఎవరిళ్ళకు వాళ్ళం వెళ్ళిపోయాం. ఇక చాలు, రా అని చెప్పే రోజు ఒకటి తెరేజకు ఎవరూ ఇవ్వలేదు. ఆ గల్లీలో నిలబడి నా చెల్లెలి మీద మొదటిసారి కోపం పోయింది. పచ్చడి డబ్బా ఒకటి కొన్నాను. అది దారిలో కారి నా సంచీ మొత్తం ఎర్రబడింది, అది వేరే సంగతి.

మళ్ళీ ధూల్‌పేట్

కిషన్ అన్న గోనెపట్టా తీశాడు.

గోడ ఉంది. రాళ్ళు పేర్చినట్టు గీతలు, వంపు తిరిగిన అందమైన కిటికీ, అన్నీ నేను గీసినట్టే. అయితే అదంతా ఆవిడ వెనక ఉంది. ఆవిడ గోడకు ఇవతల, కిటికీ ముందు, నీలం పైట కప్పుకుని హాయిగా పీట మీద కూర్చుంది. అమ్మవారి వెనక తోరణం నిలబెట్టినట్టు ఆవిడ వెనక గోడ నిలబెట్టాడు.

"ఈవిడ లోపల ఉండాలన్నా! గోడ ముందుండాలి, ఈవిడ వెనక ఉండాలి. నేను గీసిందేమిటి, మీరు చేసిందేమిటి?" నా గొంతు వీధిలోకి వినిపించే ఉంటుంది.

ఆయన నిజంగానే కంగారు పడ్డాడు. ఫోను తీసి నేను గీసింది చూశాడు, తను చేసింది చూశాడు, మళ్ళీ ఫోను.

"అరే, కమాన్, గదే తోరణం, ఎన్కనే గదా ఉంటది అక్కా? మీరు పైన గీసిన్రు, నేను ఎన్క అనుకున్న. దేవత ముందల గోడ ఎవరన్న కడ్తరా? మొఖం ఎట్ల కనవడ్తది? దండ ఎట్లేస్తరు?"

"ఈవిడ దేవత కాదు. ఈవిడకు దండ వెయ్యరు. జీవితమంతా లోపలే ఉంది ఈవిడ!"

గంగాబాయి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మేమెన్నడు గిట్ల లోపటేసి చెయ్యలేదమ్మా. మా చేతులకు రాదు. మేం చేసినోళ్ళందరు వీధిల ఊరేగెటోళ్ళే" అంది. గొడవ పెట్టుకునే ధోరణిలో కాదు, ఉన్నమాట చెప్పే ధోరణిలో.

మళ్ళీ చెయ్యాలంటే వారం పడుతుందట. నాకు ఆ సాయంత్రమే రైలు. పీట మీద కూలబడ్డాను. నా ఎత్తంతా బూడిదైంది. లోపలున్నావిడ బయటికి చూసేదని చూపిద్దామనుకున్నాను. ఇప్పుడు చూసేందుకు లోపల మనిషే లేదు. ఇది తీసుకెళ్తే తెరేజ "ఈవిడ ఆవిడ కాదులే" అని పక్కన పెట్టేస్తుంది. ఇంకోటి అడగదు. అడగడం కూడా మానేస్తే ఆ గదిలోకి నేను పోవడానికి దారే ఉండదు. భయమేసింది.

కళ్ళు ఇంకా పెట్టలేదు. కిషన్ అన్న కుంచె తీసుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. "వద్దంటే చెప్పుండ్రి, కండ్లు పెట్ట. పైస వాపస్ ఇస్త" అన్నాడు. ఆయన మొహం చిన్నబోయింది. కళ్ళు లేని ఆ తెల్లటి ముఖం చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో. ఆవిడ పేరు తెలియదు, ముఖం తెలియదు. తెలిసిందల్లా ఒక గది, ఒక పుస్తకం. ఉత్తచేతులతో ఇంటికి వెళ్ళలేను. పెట్టెయ్యండి అన్నాను.

ఆయన ఊపిరి బిగపట్టి రెండు గీతల్లో ఒక కన్ను, రెండు గీతల్లో ఇంకో కన్ను. వీధిలో తెల్లటి దుమ్ము అలాగే తేలుతోంది.

బాలమణి బొట్టు

బొమ్మను రైలుకని మూటకట్టేలోపు ఇంకో ముచ్చట జరిగింది. నేను స్నానం చేసి వచ్చేసరికి ఇంగ్లండు ఆవిడ నుదుట కుంకుమ బొట్టు. పక్కన అగరొత్తి.

"ఇంటికొచ్చిన ఆడమనిషిని బొట్టు పెట్టకుండ ఎట్ల పంపాలెనక్కా?" అంది బాలమణి. నాకూ పెట్టబోయి, నా మెడలో జపమాల చూసి నాలిక కరుచుకుంది. బొట్టు తుడిచాను. ప్లాస్టరు పీల్చేసుకుంది, లేత గులాబీ మచ్చ అలాగే ఉండిపోయింది. రైల్లో పాత చీరలో చుట్టి సీటు కింద పెట్టాను. గాలికి చీర తొలగి మొహం బయటపడితే ఎదుటి సీటు పెద్దాయన చెప్పులు విప్పి కాళ్ళు పైకి పెట్టుకున్నాడు. ఏ అమ్మవారమ్మా అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియక "మా చెల్లెలి అమ్మవారండీ" అన్నాను.

మా ఇల్లు

తెరేజ మంచం మీద కూర్చుని ఉంది. ఆటో అతను స్వరూపాన్ని గదిలో బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. చీర విప్పాను.  ముందే సంజాయిషీ మొదలుపెట్టాను: వాళ్ళకు గోడ వెనక పెట్టడమే అలవాటట, నేను గీసింది అలా కాదు, కావాలంటే మళ్ళీ చేయిస్తాను.

తను వినడం లేదు. లేచి వచ్చి వంగి చూసింది. ముఖం చూసింది, నుదుటి మచ్చ చూసింది, చేతిలో కాయ చూసింది. తర్వాత ఆవిడ భుజం మీదుగా వెనక కిటికీలోకి తొంగి చూసింది.

"మరి లోపల ఎవరున్నారక్కా?"

"ఎవరూ లేరు" అన్నాను.

కిటికీలో వేళ్ళు పెట్టి తడిమింది. అవతలి వైపు నున్నగా చేయని ప్లాస్టరు, గంగాబాయి పరిచిన పీచు. చాలాసేపు చెయ్యి అక్కడే ఉంచింది. తెరేజ ఏడుస్తోందని భుజాలు కదిలితే గాని నాకు తెలియలేదు. ఏడాదిన్నరలో నా ఎదుట ఏడవడం అదే మొదలు. నేను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

కాసేపటికి ముక్కు చీదుకుంది. "ఈవిణ్ణి ఈ చీకట్లో పెడితే ఎలా?" అంది చిరాగ్గా, చాలా పాత తెరేజలాగా. "ఇంత దూరం వచ్చి కూర్చుంటే మళ్ళీ గదిలో పెడతావా? అరుగు మీద పెడదాం. ఒక చెయ్యి వెయ్యి."

గోడతో కలిపి బరువు బాగానే ఉంది. ఇద్దరం చెరో పక్కా పట్టుకున్నాం. తను వెనక్కి నడుస్తోంది, నేను ముందుకు. గది గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, కాలితో తడుముకుని, వెనక్కే దాటింది. హాలు దాటాం, వీధి తలుపు దాటాం. బయట ఎండ ఆమె మెడ మీద పడింది.

"నన్ను చూడకక్కా, కింద చూడు" అంది తెరేజ. "మెట్టుంది."